దిద్దని హోంవర్కు: పర్లాకిమిడి నుంచి ఒక కేస్ స్టడీ

చదువులో వెనకబడిన పిల్లలకు విడిగా పాఠం చెప్పడం నా వృత్తి. తల్లిదండ్రులకూ బడికీ మధ్య మాట కలిపే పని కూడా దాంతోపాటే మీద పడుతుంటుంది. ఒడిశాలోని గజపతి జిల్లాలో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా మాట్లాడే పిల్లలే. ఈ కేసు వాళ్ళలో ఒక పాపది. తల్లి సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు, బడి ఆనవాళ్ళు వదిలేశాను.

పాపది అయిదో తరగతి, ప్రభుత్వ బడి, ఒడియా మాధ్యమం. తండ్రి పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య ఆటో నడుపుతాడు. తల్లి ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, శ్రీకాకుళం జిల్లాలో. అక్కడ పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. అలా ఆంధ్ర వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. చదువుకున్నవాళ్ళే, లెక్కాడొక్కా బాగా తెలిసినవాళ్ళే. కానీ బిడ్డ పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం కూడబలుక్కోలేరు.

ఆమె తెచ్చిన ఫిర్యాదు ఇది: "అక్కా, ఈ పుస్తకాలు చూడండి. దసరా కాడి నుంచి ఒక్క టిక్కు నేదు. రోజూ రాత్రి తొమ్మిదింటి దాకా రాస్తంది. ఒప్పో తప్పో నాకేటి తెలుస్తాది? మా ఆయన గేటు కాడ అడిగితే, ఇంట్లో చదివించండి, ట్యూషన్ పెట్టించండి అన్నారట. మళ్ళీ అడిగితే పిల్ల మీద కక్ష కడతారని ఆయన వద్దంటన్నారు."

భర్త మనసులో ఇంకో మాట కూడా ఉంది. తెలుగువాళ్ళమని బడివాళ్ళు పట్టించుకోవడం లేదని ఆయన అనుమానం. ఇలాంటి అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, నిజమని వెంటనే తలూపనూ కూడదు. అదే తరగతిలో చదివే పక్కింటి ఒడియా అబ్బాయి పుస్తకాలు కూడా తెప్పించి చూశాను. అవీ దసరా నుంచి దిద్దలేదు. అయితే ఆ అబ్బాయి తల్లి రాత్రి వంట చేస్తూనే పాఠం వింటుంది, తప్పు పలికితే సరిదిద్దుతుంది. దిద్దకపోవడం అందరికీ ఒకటే. నష్టం మాత్రం ఒకటి కాదు. ఆ ఇంట్లో టీచరు తర్వాత చూసే కన్ను ఇంకొకటి ఉంది. ఈ ఇంట్లో లేదు.

పుస్తకాల్లో ఏముంది

బడికి వెళ్ళే ముందు పుస్తకాలన్నీ పేజీ పేజీ చదవాలన్నది నా పద్ధతి. ఇక్కడ నాలుగు నోటుపుస్తకాలు: ఒడియా, లెక్కలు, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం. తల్లి చెప్పింది అక్షరాలా నిజమే, దసరా సెలవుల తర్వాత ఎక్కడా ఎర్ర సిరా లేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టినవి మాత్రం దసరాకు ముందు పేజీలు. వాటి మీద టిక్కులున్నాయి. పేజీ కింద సంతకం, తేదీ కూడా ఉన్నాయి. ఆ టిక్కుల కింద లెక్కలు తప్పు.

ఒక లెక్క చూపిస్తాను. 4005 లోంచి 1728 తీసేయాలి. పాప రాసిన జవాబు 3723. సరైన జవాబు 2277. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. నిలువు వరసలో ఎక్కడ పైఅంకె చిన్నదైతే అక్కడ పాప తిరగేసి, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది: ఎనిమిదిలోంచి అయిదు తీస్తే మూడు, రెండులోంచి సున్నా తీస్తే రెండు, ఏడులోంచి సున్నా తీస్తే ఏడు, నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. ప్రతి తీసివేతలోనూ ఇదే సూత్రం. అప్పు తెచ్చుకోవడం అవసరం లేని లెక్కలన్నీ ఒప్పు, అవసరమైనవన్నీ తప్పు. ఏ పేజీలో చూసినా మినహాయింపు లేదు. ఈ పేజీ మీద టిక్కు పడితే పాపకు ఏం అర్థమవుతుంది? తన సూత్రమే సరైనదని అర్థమవుతుంది.

తల్లి ఈ తప్పు ఎందుకు పట్టలేదు? కుట్టుకూలి లెక్కలన్నీ ఆమె నోటితోనే వేస్తుంది, తీసివేతలు రాక కాదు. పాప లెక్కలు ఒడియా అంకెల్లో వేస్తుంది. ఒడియా నాలుగు మన కంటికి ఇంగ్లీషు 8 లాగా కనిపిస్తుంది. ఆ 4005లో మొదటి అంకెను ఆమె ఎనిమిది అనుకుంది. ఎర్ర టిక్కు కనిపిస్తే సంతోషించింది, కనిపించకపోతే భయపడింది. అంతకుమించి ఆ పుస్తకం ఆమెకు ఏమీ చెప్పలేకపోయింది.

ఒడియా పుస్తకంలోనూ అంతే, తప్పులకు ఒక క్రమం ఉంది. ఘర అని రాయాల్సిన చోట గర, భాత బదులు బాత, దుధ బదులు దుద. ఒత్తు పలికే అక్షరాలన్నీ ఒత్తు లేకుండా రాస్తోంది. మన ఇళ్ళలో మాటల్లో ఆ ఒత్తులు పెద్దగా పలకం, పాప చెవికి ఆ తేడా అలవాటు కాలేదు. శ, ష, స మూడింటినీ కూడా కలిపేస్తోంది. అయితే ఒడియాలో ఆ మూడూ దాదాపు ఒకేలా పలుకుతారు కాబట్టి ఆ పొరపాటు ఒడియా పిల్లలూ చేస్తారు. మొదటిది మాత్రం ఇంటి భాష వల్ల వచ్చేదే. విడివిడిగా చూస్తే నిర్లక్ష్యంలా కనిపించేవి, వరసగా చూస్తే రెండే రెండు తెలియని విషయాలుగా తేలాయి.

ఇంటి భాషలో చదువు అన్న మాట పర్లాకిమిడిలో కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్నారు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. ఈ పాపకు ఆ అవకాశం దొరకలేదు. అందుకే బడి తప్పును పట్టి చూపించడం ఆమెకు మరింత అవసరం.

ఏం అడగాలో తేల్చుకోవడం

తల్లి అడగాలనుకున్నది: "పుస్తకాలు ఎందుకు దిద్దడం లేదు?" నేను ఆ ప్రశ్న మార్పించాను. ఆ ప్రశ్నకు బడి ఇవ్వగల జవాబు ఒకటే. మర్నాడు నాలుగు పుస్తకాల నిండా టిక్కులు పడతాయి. తప్పు లెక్కల మీద కూడా పడతాయి, దసరాకు ముందు పడినట్టే. మనకు కావాల్సింది సిరా కాదు. పాప ఎక్కడ తడబడుతోందో టీచరు చూడాలి, చూసింది పాపకూ ఇంటికీ తెలియాలి.

మార్కులు వేయమని కూడా అడగవద్దన్నాను. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ పిల్లల మీద చేసిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మార్కు లేకుండా రాతలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. మార్కు ఒక్కటే అందుకున్నవాళ్ళకు ఆ లాభం రాలేదు. మార్కు, వ్యాఖ్య రెండూ కలిపి ఇచ్చినా రాలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లోనూ అదే చూస్తుంటాను. మార్కు కనిపిస్తే కళ్ళు అక్కడే ఆగిపోతాయి, పక్కన రాసిన మాట చదవరు.

చట్టం విషయానికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షను టీచరు విధులు చెబుతుంది. హోంవర్కు దిద్దాలని అందులో లేదు. అంతకన్నా పెద్ద విధి ఉంది: ప్రతి పిల్ల నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పాలి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తెలపాలి. మేం అడగబోయేది సరిగ్గా ఇదే. అయినా ఉత్తరంలో సెక్షను నంబరు రాయనివ్వలేదు. మొదటి ఉత్తరంలోనే చట్టం పేరెత్తితే అవతలివాళ్ళు తమను కాపాడుకునే పనిలో పడతారు, పాప సంగతి పక్కకుపోతుంది.

తండ్రి వాట్సాప్ గ్రూపులో పెడదామన్నాడు. వద్దన్నాను. నలుగురిలో అడిగితే ఏ టీచరైనా పరువు కోసమే మాట్లాడుతుంది. పాప చేత అడిగించడం అంతకన్నా తప్పు. పదేళ్ళ పిల్ల మోయాల్సిన మాట కాదది.

ఉత్తరం ఒడియాలో నేను రాశాను, తల్లి తెలుగులో సంతకం చేసింది. సారాంశం ఇది:

"నమస్కారం. మా పాప మీ దగ్గర అయిదో తరగతి చదువుతోంది. మా ఇంట్లో ఒడియా చదవగలిగినవాళ్ళు లేరు. పుస్తకంలో మీరు పెట్టే గుర్తులు చూసే పాప ఎలా చదువుతోందో తెలుసుకుంటాం. దసరా తర్వాత గుర్తులు లేకపోవడంతో మాకు ఏమీ తెలియడం లేదు. తీసివేతల్లో ఒకే రకం తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోందని ఈ మధ్యే తెలిసింది. మీతో పదిహేను నిమిషాలు కూర్చుని, పాపకు ఇంట్లో మేం ఏం చేయాలో, బళ్ళో ఏం చేయగలరో మాట్లాడాలని ఉంది. మీకు ఏ రోజు వీలవుతుందో చెప్పగలరు."

రెండు ప్రతులు తీసి, ఒకటి టీచరుకు ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోమన్నాను. ఎవరి మీదో నమ్మకం లేక కాదు. రేపు పైకి వెళ్ళాల్సి వస్తే మొదట బడితోనే మాట్లాడామని చూపించే కాగితం అది.

మాట్లాడిన రోజు

టీచరు బడి వదిలాక కూర్చోమన్నారు. తల్లి, నేను వెళ్ళాం. తండ్రిని రావద్దనలేదు, ఆయనే రానన్నాడు. నేను మూడు పేజీలకు కాగితం ముక్కలు పెట్టి ఉంచాను: 4005 లెక్క పేజీ, ఒడియా పేజీ ఒకటి, పాప చాలా బాగా రాసిన పరిసరాల విజ్ఞానం పేజీ ఒకటి. మూడోది ముందు తీశాను. మొక్క బొమ్మ చక్కగా వేసి, భాగాల పేర్లన్నీ రాసింది. టీచరు మొహంలో బిగువు కొంచెం సడలింది.

తర్వాత లెక్క చూపించి, "దీదీ, ఈ జవాబు పాపకు ఎలా వచ్చి ఉంటుంది?" అని మాత్రం అడిగాను. ఆమె ఒక నిమిషం చూసి, తనే పెన్ను తీసుకుని పక్కన వేసి, "తిరగేసి తీస్తోంది" అన్నారు. అంతే, అక్కడి నుంచి మాట మారిపోయింది. వెనక పేజీలు తనే తిప్పారు. తన టిక్కు ఉన్న పేజీ దగ్గర ఆగారు. నేను ఏమీ అనలేదు.

ఎందుకు దిద్దలేకపోయారో ఆవిడే చెప్పారు. నాలుగు, అయిదు తరగతులు కలిపి 46 మంది, ఆవిడ ఒక్కరే. రెండో టీచరు డెప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్ళారు. దసరా తర్వాత ఓటర్ల జాబితా పని కూడా ఆవిడ మీదే పడింది. చట్టం 27వ సెక్షను టీచర్లకు బోధనేతర పనులు అప్పగించకూడదంటూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులను మినహాయించింది. కాబట్టి కాదనే దారి లేదు.

అక్కడే ఒక కాగితం మీద లెక్క వేశాం. 46 మంది, తలా నాలుగు పుస్తకాలు, మొత్తం 184. ఒక్కోదానికి 2 నిమిషాలే అనుకున్నా 368 నిమిషాలు, అంటే 6 గంటలు దాటుతుంది. బడి మొత్తం నడిచేదే ఇంచుమించు అంతసేపు. ఏ మనిషీ చేయలేని పని అది. దాన్ని చేసినట్టు చూపించడానికే చూడకుండా టిక్కులు పెట్టాల్సి వస్తోంది. ఇది ఆ ఒక్క టీచరు తప్పని నేను అనను. రోజుకు నాలుగు సబ్జెక్టుల హోంవర్కు ఇవ్వాలన్న అలవాటే తప్పు.

కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2020 స్కూల్ బ్యాగ్ విధానం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: రెండో తరగతి దాకా హోంవర్కు వద్దు, మూడు నుంచి అయిదు దాకా వారానికి 2 గంటలకు మించకూడదు. ఈ పాప రోజుకు గంటన్నర రాస్తోంది. ఆరు రోజులకు 9 గంటలు. తల్లికి ఈ సంగతి తెలియదు, ఎంత ఎక్కువ రాస్తే అంత చదువు అనుకునేది. టీచరు ఒక మాటన్నారు: "తగ్గిస్తే తల్లిదండ్రులే వచ్చి గొడవ చేస్తారు." అదీ నిజమే.

కుదిరిన ఒప్పందం ఇది. రోజుకు ఒకే సబ్జెక్టు హోంవర్కు. రోజుకు 12 పుస్తకాలు మాత్రమే దగ్గర పెట్టుకుని, ఒక్కోదానికి 3 నిమిషాలు ఇచ్చి నిజంగా చదవాలి. అది 36 నిమిషాల పని, నాలుగు రోజుల్లో తరగతి మొత్తం పూర్తవుతుంది. లెక్కల జవాబులు బోర్డు మీద వేస్తే పిల్లలే సరిచూసుకుంటారు. ఎక్కువమంది చేసిన తప్పు శనివారం అందరికీ కలిపి చెప్పాలి.

ఇంటి కోసం నేను అడిగింది ఒక్కటే: చదువు రాని తల్లికి కూడా అర్థమయ్యే గుర్తులు. తప్పుకు సున్నా, మళ్ళీ చేయాల్సినదానికి త్రికోణం, సరిగ్గా చదివి బాగుందనుకుంటేనే టిక్కు. త్రికోణం కనిపిస్తే తల్లి పాపను కూర్చోబెడుతుంది. కింద టీచరు ఒక్క వాక్యం రాస్తే పాప దాన్ని తెలుగులో చెప్పాలి, తల్లి సంతకం పెట్టాలి. వచ్చేటప్పుడు టీచరు తల్లితో, "నువ్వు ఇన్నాళ్ళూ రాలేదేం?" అన్నారు. కోపంగా కాదు.

తర్వాత

తీసివేత సంగతి నేను చూసుకున్నాను. అంకెలు పక్కన పెట్టి నాలుగు వంద రూపాయల నోట్లు, అయిదు రూపాయి బిళ్ళలు ఇచ్చి, 178 రూపాయలు ఇవ్వమన్నాను. పాప బిళ్ళలు చూసి, "ఎనిమిది నేవు కదా" అంది. మరి అమ్మ ఏం చేస్తుందంటే, "చిల్లర మారుస్తాది" అంది. ఒక వంద మార్చి పది పదులు, ఒక పది మార్చి పది రూపాయలు చేసుకుంది. మిగిలింది 227. అదే పని నోటుపుస్తకంలో వేయించి, తర్వాత 4005కి వెళ్ళాం. సున్నాలు వరసగా వచ్చే లెక్కల్లో ఇంకొన్నాళ్ళు తడబడింది గానీ, తిరగేసి తీయడం మానేసింది.

ఒడియాలో పని టీచరు చేశారు. పాప పుస్తకం చూశాక, తరగతిలో మిగతా తెలుగు పిల్లల పుస్తకాలూ తీసి చూస్తే వాళ్ళకూ అదే ఇబ్బంది. దాన, ధాన లాంటి జంట మాటలు వినిపించి రాయించడం మొదలుపెట్టారు. ఘ, భ బాగా కుదిరాయి, ధ సగం సగం. శ, ష, స ఇంకా కలుస్తూనే ఉన్నాయి, దానికి చదవడం పెరగాలి తప్ప వేరే దారి లేదు.

అన్నీ సాఫీగా సాగలేదు. హోంవర్కు తగ్గేసరికి కొందరు తండ్రులు బడికి వచ్చి, చదువు చెప్పడం మానేశారని అరిచారు. ట్యూషన్ మాస్టారు జవాబులన్నీ చెప్పి రాయించే పిల్లల పుస్తకాల్లో దిద్దడానికి ఏమీ ఉండదు, అంతా ఒప్పే. ఆ పిల్లలకు ఏం వచ్చో ఏం రాదో పుస్తకం చెప్పదు. ఓటర్ల పని మళ్ళీ వచ్చిన వారాల్లో దిద్దడం ఆగింది. ఈసారి టీచరే ముందుగా కబురు పంపారు. ముందే తెలిసింది కాబట్టి తల్లి భయపడలేదు.

ఆ అరుపుల వల్లే విషయం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీకి వెళ్ళింది. ఈ కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టం 21వ సెక్షను. ఆ సమావేశానికి పాప తల్లి వెళ్ళి, పాత పేజీ, కొత్త పేజీ రెండూ చూపించింది. ప్రసంగం ఏమీ చేయలేదు. ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలన్నది చట్టం అనుబంధంలోని లెక్క. 46 మందికి ఒక్కరే ఉన్నారు కాబట్టి డెప్యుటేషన్ రద్దు చేసి రెండో టీచరును వెనక్కి పంపాలని తీర్మానం రాసి బ్లాక్ విద్యాధికారికి పంపారు. జవాబు కోసం చూస్తున్నారు.

కొందరు తల్లులు నన్ను అడిగారు: నేరుగా పైకి ఫిర్యాదు చేస్తే పోయేది కదా అని. దారి ఉంది. 32వ సెక్షను కింద స్థానిక అధికార సంస్థకు రాసి ఇవ్వొచ్చు, మూడు నెలల్లో తేల్చాలి. తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. పిల్లను కొట్టినా, అందరిలో అవమానించినా, కులం పేరుతోనో భాష పేరుతోనో పక్కన పెట్టినా నేను ఒక్క రోజు కూడా ఆగమనను, ఆ దారే చూపిస్తాను. ఇక్కడ అలాంటిది ఏదీ లేదు. పైగా ఈ పాపకు మూడు నెలలంటే అయిదో తరగతిలో మిగిలిన కాలమంతా.

వచ్చే ఏడాది పాప అదే బళ్ళో ఆరో తరగతికి వెళ్తుంది. సబ్జెక్టుకో టీచరు ఉంటారు. సున్నా, త్రికోణం సంగతి వాళ్ళెవరికీ తెలియదు, ఒప్పందం మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే. ఈసారి ఉత్తరం తల్లే తెలుగులో రాసి తెచ్చింది, ఒడియాలోకి మార్చడమే నా వంతు. అందులో ఆమె సొంతంగా చేర్చిన కోరిక ఒకటి ఉంది: లెక్కల పుస్తకంలో జవాబు వరకైనా ఇంగ్లీషు అంకెల్లో కూడా రాయనివ్వమని.